మద్యనిషేధకర్త రాజాజీ

1938వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని కల్లు, సారాయి దుకాణాలన్నీ చట్టరీత్యా మూతపడినవి. పుత్తూరు తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనిదే. మగ్గాల మీద బ్రతికే నేతపనివారికీ, చెరువు క్రింది కయ్యలలో కూలికి పోయే పేదలకూ ఆ దుకాణాలు చిరపరిచితాలు. ఏటేటా సర్కారువారు వాటిని వేలం వేసేవారు. హెచ్చుపాట పాడిన కంట్రాక్టరు తన పెట్టుబడినీ, లాభాన్నీ త్రాగుబోతు చేతి కూలిడబ్బులనుండే రాబట్టుకొనేవాడు. వేలం సొమ్ము ఖజానాకు చేరేది. ఖజానానుండి బడిపంతులు జీతమూ, ఆస్పత్రి మందులూ, బాటలమీద కంకరా వచ్చేవి. ఈ చక్రాన్ని ఒకానొకనాడు ఆపి, ఆపినందువల్ల వచ్చే నష్టాన్ని కూడా తన పద్దులోనే వ్రాసుకొన్న వ్యక్తి నాటి మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రి శ్రీ చక్రవర్తి రాజగోపాలాచారి. దేశం ఆయనను రాజాజీ అని పిలిచినది.

రాజాజీ 1878 డిసెంబరు 10వ తేదీన సేలం జిల్లా హోసూరు తాలూకాలోని తొరపల్లి గ్రామంలో జన్మించినారు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలగలిసి వినిపించే సీమ అది. తండ్రి చక్రవర్తి అయ్యంగారు గ్రామ మునసబు. కుటుంబం సంపన్నమైనది కాదు, చదువును మాత్రం ప్రాణంగా చూసుకొన్నది. హోసూరులో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, మదరాసులో న్యాయశాస్త్రం చదివి, 1900 ప్రాంతంలో రాజాజీ సేలంలో వకీలుగా స్థిరపడినారు. వాదనలో పట్టు, మాటలో పొదుపు, ఎదుటివాని బలహీనతను క్షణంలో గుర్తించగల చూపు ఆయనకు అచిరకాలంలోనే పేరు తెచ్చినవి. 1917లో సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులైనారు. ఊరి నీటినీ, ఊరి మురుగునూ, ఊరి పన్నులనూ పట్టించుకొనవలసిన ఆ పదవిలోనే ఆయన పరిపాలనలో మొదటి పాఠం నేర్చినారని చెప్పవచ్చును. మంచిపని చేయదలచినవాడు దానికయ్యే ఖర్చు లెక్క కూడా తానే చెప్పవలెను.

గాంధీమహాత్ముని పిలుపు విని రాజాజీ లాభసాటియైన వృత్తిని వదలినారు. సహాయనిరాకరణోద్యమంలో కారాగారవాసం చేసినారు. ఆనాటి ఉద్యమ కార్యక్రమాలలో కల్లుదుకాణాలవద్ద పికెటింగు ముఖ్యమైనది. అయితే దుకాణం ఎదుట నిలబడి చేతులు జోడించడం ఒక విషయం, దుకాణానికి లైసెన్సు ఇచ్చే అధికారాన్ని చేతబట్టడం మరొక విషయం. ఈ రెండింటికీ నడుమనున్న దూరాన్ని రాజాజీ గ్రహించినంత స్పష్టంగా గ్రహించినవారు ఆ తరంలో అరుదు.

ఇచట నాటి పరిపాలనా విధానాన్ని కొంత తెలిసికొనవలెను. 1919నాటి భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని నెలకొల్పినది. పోలీసు, భూమిశిస్తు, ఆర్థికశాఖ మున్నగునవి గవర్నరు కార్యనిర్వాహక సభ్యులచేతనే ఉండిపోయినవి. విద్య, వైద్యం, స్థానికపాలన, అబ్కారీ మాత్రం శాసనసభకు జవాబుదారులైన భారతీయ మంత్రులకు బదిలీ అయినవి. పైకి ఇది ఔదార్యంగా కనిపించును. లోతుకు చూచిన చిక్కు తెలియును. బడులు పెంచవలసిన బాధ్యతా మంత్రులదే, బడులకు డబ్బు తెచ్చే కల్లుదుకాణాలూ మంత్రులవే. రాష్ట్ర రాబడిలో సుమారు నాలుగోవంతు అబ్కారీనుండే వచ్చేది. త్రాగుడు తగ్గించిన బడి మూతపడును, బడి నిలబెట్టిన త్రాగుడు పెరుగును. ఈ మెలికలో చిక్కిన మంత్రులు తప్పు తమది కాదని గవర్నరును చూపేవారు. గవర్నరు పక్షం శాసనసభను చూపేది. త్రాగుబోతు ఇంటి ఇల్లాలికి మాత్రం ఎవరిని అడగవలెనో తెలిసేది కాదు.

1925లో రాజాజీ తిరుచెంగోడు సమీపాన పుదుపాళెం గ్రామంలో గాంధీ ఆశ్రమాన్ని స్థాపించి, తన పిల్లలతోసహా అక్కడకు తరలిపోయినారు. వానలు తప్పితే కరవు తప్పని మెట్టసీమ అది. ఆశ్రమం నూలు వడికించినది, ఖద్దరు నేయించినది, హరిజనవాడలలో వైద్యం చేసినది. అన్నిటికంటె ఎక్కువగా అది త్రాగుడుతో పోరాడినది. వడికిన నూలుకు ఇచ్చిన కూలి ఇల్లు చేరకముందే దుకాణంలో కరిగిపోవుచుండగా రాజాజీ కన్నులారా చూచినారు. పేదవాని ఆదాయం పెంచే ప్రతి ప్రయత్నమూ అడుగున చిల్లిపడిన కడవలో నీరు పోసినట్లగుచున్నదని ఆయనకు అనుభవంలో తెలిసివచ్చినది. 1929లో త్రాగుడుకు వ్యతిరేకంగా విమోచనం అనే తమిళ మాసపత్రికను వెలువరించినారు. చదువురానివానికి కూడా బొమ్మలు చూచి విషయం తెలియవలెనని అందులో చిత్రాలకు చోటిచ్చినారు. అనంతర కాలంలో తమిళ నవలాకారులుగా ప్రఖ్యాతులైన కల్కి కృష్ణమూర్తి ఆ పత్రికలో ఆయనకు తోడుగా పనిచేసినారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినది. రాజాజీ తిరుచినాపల్లినుండి వేదారణ్యానికి దండు నడిపించి జైలుకు పోయినారు.

1935నాటి చట్టం ద్వంద్వ ప్రభుత్వాన్ని రద్దుచేసి రాష్ట్రాలకు స్వపరిపాలన ఇచ్చినది. 1937 ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 215 స్థానాలలో 159 స్థానాలు కాంగ్రెసుకు దక్కినవి. గవర్నరు జోక్యం చేసికొనరాదన్న విషయమై కొన్ని మాసాలు తర్జనభర్జన జరిగిన పిదప, జులైలో రాజాజీ ప్రధానమంత్రిత్వం స్వీకరించినారు. టంగుటూరి ప్రకాశం, వి. వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఆ మంత్రివర్గంలోని ఆంధ్రులు. ఆర్థికశాఖను రాజాజీ తమవద్దనే ఉంచుకొన్నారు. ఈ ఒక్క నిర్ణయంలో ఆయన తత్త్వం తెలియుచున్నది. దుకాణాలు మూయించే చేయీ, ఆ మూతవల్ల బోసిపోయిన ఖజానాకు జవాబు చెప్పవలసిన నోరూ ఒక్కరివే కావలెనని ఆయన భావించినారు.

నాలుగు మాసాలైనా గడవకముందే మదరాసు మద్యనిషేధ చట్టం శాసనసభ ఆమోదం పొందినది. మద్యాన్నేకాక మత్తుమందులను కూడా అది తన పరిధిలోనికి తెచ్చినది. తయారీ, అమ్మకం, రవాణా మాత్రమేగాక సేవనం కూడా నేరమైనది. అయితే రాజాజీ రాష్ట్రమంతటా ఒక్కసారిగా దానిని ప్రయోగించలేదు. 1937 అక్టోబరు 1న మొదట సేలం జిల్లాలో అమలుపరచినారు. సేలం ఆయన సొంత జిల్లా. పరీక్ష విఫలమైన నవ్వులపాలగునది తానే కావలెగాని పరుల జిల్లా కారాదు. ఆ జిల్లా కలెక్టరు ఆంగ్లేయుడు. జైలుకు పంపిన ప్రభుత్వంలోని అధికారులే ఇప్పుడు తన ఆజ్ఞను అమలుపరచవలసి వచ్చినది. రాజాజీ వారిని శంకించక పని అప్పగించినారు, వారును శ్రద్ధతోనే ఆ పని నిర్వహించినారు.

సేలం అనుభవం చూచుకొని, మరుసటి సంవత్సరం అదే తేదీన ఆయన చట్టాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినారు. తెలుగుసీమలో మద్యనిషేధం మొట్టమొదట అడుగుపెట్టినది ఈ రెండు జిల్లాలలోనే. 1939 అక్టోబరు 1న ఉత్తర ఆర్కాడు జిల్లా కూడా చేరినది. పటం ముందుంచుకొని చూచిన ఈ వరుసలోని మర్మం తెలియును. సేలం, ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, కడప ఒకదాని పొలిమేర మరొకటిగా ఉన్న జిల్లాలు. నిషేధం ఒక జిల్లాలో ఉండి ప్రక్క జిల్లాలో లేకపోయిన, పొలిమేర దాటినవానికి చట్టం లేనట్లే. పుత్తూరు విషయమే చూడవచ్చును. అక్కడ రైలెక్కినవాడు తిరుత్తణి దాటి అరక్కోణంలో దిగిన, అది ఉత్తర ఆర్కాడు జిల్లా. మొదటి సంవత్సరమంతా అక్కడ దుకాణాలు తెరచియే ఉన్నవి. రెండవ సంవత్సరం ఆ దారి మూతపడినది. చెంగల్పట్టు వైపు దారి మాత్రం మిగిలిపోయినది. గదులు ఒక్కటొక్కటిగా శుభ్రపరచుకొంటూ పోవు గృహస్థువలె రాజాజీ జిల్లా వెంట జిల్లా చేర్చుకొంటూ పోదలచినారు.

ఈ కథకు రెండవ పార్శ్వమూ కలదు. తాటిచెట్టునూ ఈతచెట్టునూ నమ్ముకొని బ్రతికే గీత కార్మికులు వేలకొలదిగా ఒక్కనాటిలో నిరుద్యోగులైనారు. తీపిరసం తీసి బెల్లం వండుకొనేందుకు ప్రభుత్వం లైసెన్సులు ఇచ్చినది. కాని బెల్లం వంటకు కట్టెలు కావలెను, బాన కావలెను, కొనేవాడు కావలెను. కల్లుకుండ దించినవెంటనే చేతికి వచ్చే రొక్కం బెల్లంలో రాదు. త్రాగేవాని ఇంటికి కలిగిన మేలు కొంతవరకు గీసేవాని ఇంటి కీడుగా పరిణమించినదన్న మాట కాదనలేనిది. ఈ లెక్కను రాజాజీ పూర్తిగా పూరించలేకపోయినారు. చట్టంమీద ఆయనకున్న నమ్మకం గాఢమైనది. అలవాటు తప్పించుటకు చట్టం చాలవచ్చునుగాని, జీవనోపాధి కల్పించుటకు చట్టం ఒక్కటే చాలదు.

డబ్బు సమస్యను మాత్రం ఆయన ఎదురుగా నిలిచి ఎదుర్కొన్నారు. నాలుగు జిల్లాల అబ్కారీ రాబడి పోయినది. పోయినదానిని బడులనుండి కోసిపెట్టుట సులభమైన మార్గం. గవర్నరును నిందించుట అంతకంటె సులభం. ఈ రెండూ చేయక, రాజాజీ 1939లో అమ్మకపు పన్ను చట్టాన్ని తెచ్చినారు. సామాన్యంగా సరకులన్నిటిమీదా అమ్మకపు పన్ను విధించుట భారతదేశంలో అదే మొదలు. వర్తకులు కినిసినారు. పన్ను చివరకు కొనేవాని నెత్తినే పడునని ప్రతిపక్షం విమర్శించినది. ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. పేదవాడు కూడా ఉప్పూ పప్పూ కొనుచునే ఉండును. అయినప్పటికీ రెండు పన్నులకూ భేదమున్నది. అబ్కారీ పన్ను పేదవానిలోనూ త్రాగుడుకు లోబడినవానిమీదనే పడి, అతడెంత చెడిన అంత పెరుగును. అమ్మకపు పన్ను అందరూ పంచుకొనేది. బడి అందరిదైనప్పుడు బడి ఖర్చు త్రాగుబోతు భార్య ఒక్కతే ఎందుకు మోయవలెనన్నది ఆ పన్ను వెనుకనున్న ప్రశ్న. ఆ ప్రశ్న వేయుటకు సాహసం కావలెను. ఏలనన, దుకాణం మూసినందుకు మెచ్చుకొన్నవారే పన్ను వేసినందుకు దూషింతురు.

1939 అక్టోబరు చివర, భారతీయులను సంప్రదింపక దేశాన్ని యుద్ధంలోనికి దింపినందుకు నిరసనగా, మదరాసులోని కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసినది. ఉత్తర ఆర్కాడులో నిషేధం ఆరంభమై అప్పటికి నెల మాత్రమే. పాలన గవర్నరు చేతికి పోయినది. శాసనసభకు జవాబు చెప్పవలసిన మంత్రి లేడు. యుద్ధకాలంలోనే నిషేధాన్ని నిలిపివేసి దుకాణాలు తిరిగి తెరచినారు. పుత్తూరు ప్రాంతం ఎముకలకు కట్టుకట్టే వైద్యానికి దేశమంతటా పేరుపొందినది. విరిగిన ఎముక అతుకుకొనకముందే కట్టు విప్పిన ఏమగునో ఆ ప్రాంతంవారికి ఒకరు చెప్పనవసరం లేదు. నిషేధానికి జరిగినది అదే. కట్టినవానికి కట్టు విప్పే రోజు నిర్ణయించే అధికారం లేకపోయినది. చట్టం మంచిచెడ్డలను నిర్ణయించుటకు తగినంత కాలం దానికి దక్కలేదు.

యుద్ధానంతరం 1946లో ప్రకాశం ప్రధానమంత్రిగా ఏర్పడిన ప్రభుత్వం నిషేధాన్ని మరల ప్రవేశపెట్టినది. ఓమందూరు రామస్వామి రెడ్డియారు కాలంలో, 1948 అక్టోబరు 2 నాటికి, అది మదరాసు రాష్ట్రమంతటికీ విస్తరించినది. ఈలోగా రాజాజీ స్వతంత్ర భారత గవర్నరు జనరలు పదవిని అలంకరించినారు. ఆ పదవిలో కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కరే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం మద్యనిషేధాన్ని 47వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది. మద్యంపై శాసనాధికారాన్నీ, పన్ను వేసే అధికారాన్నీ మాత్రం రాష్ట్రాలకే అప్పగించినది. ఆశయం దేశానిది, ఆచరణ రాష్ట్రానిది. 1919లో మొదలైన చిక్కు రూపం మార్చుకొని కొనసాగినది.

1952లో రాజాజీ తిరిగి మదరాసు ముఖ్యమంత్రి అయినారు. ఎన్నికలలో నిలువక శాసనమండలికి నియమితులై ఆ పదవికి వచ్చినందుకు ఆంధ్ర నాయకులు తీవ్రంగా ఆక్షేపించినారు. ఆ సంవత్సరం డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రత్యేకాంధ్ర దీక్షలో ప్రాణాలర్పించినప్పుడు ముఖ్యమంత్రి రాజాజీయే. తెలుగువారి హృదయాలలో ఆ గాయం మానరానిది. 1953లో ఆయన తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం, పిల్లలు సగంపూట బడిలో, సగంపూట ఇంటి వృత్తిలో గడపవలెనన్న పథకం, కులవృత్తులను శాశ్వతం చేయునని నిరసనలకు గురియైనది. 1954 ఏప్రిలులో ఆయన పదవి విడిచినారు. ఆయన చరిత్రలో ఈ పుటలను దాటవేయుట న్యాయం కాదు. తాను సరియని నమ్మినదానిని ప్రజల అంగీకారం పొందకముందే అమలుపరచే తొందర ఆయన గుణమూ అయినది, దోషమూ అయినది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగా చిత్తూరు జిల్లా దానిలో చేరినది. నిషేధ చట్టం కూడా వారసత్వంగా వచ్చినది. దొంగసారాయి బట్టీలు, అధికారుల లంచగొండితనం, గీత కార్మికుల ఆకలి అప్పటికే రచ్చకెక్కిన విషయాలు. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన నిలిచి పోరాడినారు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం నిషేధాన్ని ఎత్తివేయవలెనని అభిప్రాయపడగా, ప్రకాశం ప్రభుత్వం ఆ సిఫారసును స్వీకరించలేదు. 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక ఓటు ఆధిక్యంతో నెగ్గినది. ఆంధ్రరాష్ట్ర ప్రథమ మంత్రివర్గం మద్యనిషేధ సమస్యపై కూలిపోయినది. 1937లో రాజాజీ ప్రక్కన మంత్రిగా కూర్చున్న ప్రకాశం ఆ బరువును ఈ విధంగా మోసినారు. వారిద్దరికీ రాజకీయాలలో పొత్తు అరుదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ తాము చేసినదానికి తామే మూల్యం చెల్లించినారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట కొన్నేండ్లు ఒకే రాష్ట్రంలో రెండు ధర్మాలు నడచినవి. ఆంధ్రప్రాంతంలో నిషేధం, తెలంగాణంలో అమ్మకం. 1969లో ఆంధ్రప్రాంతంలోను నిషేధం తొలగినది. పుత్తూరులో దుకాణాలకు మరల పాటలు మొదలైనవి. తమిళనాడు ప్రభుత్వం 1971లో అదే బాట పట్టదలచినప్పుడు రాజాజీ వయస్సు తొంబది రెండేండ్లు. స్వతంత్ర పార్టీని స్థాపించి, కాంగ్రెసును ఎదిరించి, ఆ ఏడాది ఎన్నికలలో ఓడి, రాజకీయంగా ఒంటరియై యున్నారు. అయినను వాన కురియుచుండగా ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి స్వయంగా పోయి, ఆ నిర్ణయం మానుకొనవలసినదిగా అర్థించినారు. ఒకనాడు ఆజ్ఞాపించగలిగినవాడు ఆనాడు యాచించినారు. ఫలం లేకపోయినది. దుకాణాలు తెరచినారు. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూసినారు. అదే ప్రభుత్వం 1974 నాటికి నిషేధాన్ని తిరిగి విధించినది. దానిని చూచుటకు ఆయన లేరు.

ఆయన పోయిన ఇరువదేండ్లకు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన స్త్రీలు సారాయి దుకాణాన్ని మూయించినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారాయి నిషేధానికి దారితీసినది. 1995 జనవరిలో ఎన్. టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుపరచినది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానిని సడలించినది. రాబడి చాలదన్నదే సడలింపుకు చెప్పిన ముఖ్య కారణాలలో ఒకటి. సరిగా 1939లో రాజాజీ ముందు నిలిచిన ప్రశ్నయే అది.

విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి కలదు. కల్లు రాబడికి బదులుగా రాజాజీ తెచ్చిన అమ్మకపు పన్ను, నిషేధం పోయిన తరువాత కూడా పోలేదు. కల్లు రాబడి తిరిగి వచ్చినది, దాని స్థానంలో వచ్చిన పన్నూ నిలిచినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చి రాష్ట్రాల అమ్మకపు పన్నులను చాలవరకు తనలో కలుపుకొన్నది. త్రాగే మద్యాన్ని మాత్రం దాని వెలుపలనే ఉంచినారు. మద్యంపై ఎంత పన్ను వేయవలెనో, అమ్మవలెనో వద్దో, నేటికీ నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే. గవర్నరును చూపుటకు వీలులేదు, పరాయి దొరను చూపుటకు వీలులేదు.

రాజాజీ మార్గం సర్వవిధాలా సరియైనదని చరిత్ర చెప్పదు. గీత కార్మికుని విషయంలో అది లోపభూయిష్టం. పొలిమేరలవద్ద అది బలహీనం. అయితే అధికారం స్వదేశీయుల చేతికి వచ్చిన తొలి సంవత్సరాలలోనే, త్రాగుడుకు కారణం త్రాగేవాని దౌర్బల్యమని చెప్పి తప్పుకొనక, దానిమీద బ్రతుకుచున్న ప్రభుత్వానిదే మొదటి బాధ్యత అని అంగీకరించి, ఆ అంగీకారానికి వెలకట్టి, ఆ వెలను తన బడ్జెటులో చూపిన ముఖ్యమంత్రి ఆయన. పుత్తూరు కల్లుదుకాణం 1938లో మూతపడిననాడు ఆ ఊరి బడి మూతపడరాదని ఆయన పట్టుపట్టినారు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించుట ఆయన మిగిల్చిపోయిన పాఠం.